రక్తంలో నిద్రపోయే కత్తెర

గోల్నాక నుంచి రోజూ సైకిలు మీద బడికి వచ్చే మా విద్యార్థి ఒకడు విశ్వవిద్యాలయం రోడ్డు మీద జారిపడ్డాడు. మోకాలు దోక్కుపోయింది. కాసేపటికి రక్తం ఆగింది, మర్నాటికి పక్కు కట్టింది, పది రోజుల్లో అదీ రాలిపోయింది. అప్పుడు వాడు నన్నొక ప్రశ్న వేశాడు. "పైన గడ్డకట్టిన రక్తం పక్కుగా రాలిపోయింది సార్. మరి లోపల, రక్తనాళంలో కట్టిన గడ్డ ఎటు పోతుంది?"

రక్తం ఎలా గడ్డకడుతుందో మనమందరం వల్లె వేస్తాం. ఎలా కరుగుతుందో అడిగేవాళ్ళు తక్కువ.

రక్తంలో ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తి కరిగి వుంటుంది. గాయం కాగానే త్రాంబిన్ అనే ఎంజైము దాన్ని ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాలు వలలా అల్లుకుని రక్తకణాలను పట్టి వుంచుతాయి. అదే గడ్డ. గాయం మానిన తరువాత ఆ వలను ముక్కలు చేసే కత్తెర ప్లాస్మిన్ అనే మరో ఎంజైము.

ఇక్కడొక చిక్కుంది. ప్లాస్మిన్‌కు ఫైబ్రిన్ దారమూ ఒకటే, కరిగివున్న ఫైబ్రినోజెనూ ఒకటే, రెంటినీ కోసేస్తుంది. ఈ కత్తెర ఎప్పుడూ తెరుచుకునే వుంటే చిన్న గాయానికే రక్తం ఆగదు. అందుకని కాలేయం దాన్ని ప్లాస్మినోజెన్ అనే నిద్రాణ రూపంలో తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. లీటరు ప్లాస్మాలో ఇది సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది. మీరిది చదువుతున్నప్పుడు కూడా మీ ఒంట్లో నిద్రపోతూ తిరుగుతూనే వుంది!

దాన్ని లేపే పని ముఖ్యంగా టిష్యూ ప్లాస్మినోజెన్ యాక్టివేటర్ అనే ఎంజైముది. పొట్టిగా టి.పి.ఎ. అంటారు. రక్తనాళాల లోపలి పొర దీన్ని విడుదల చేస్తుంది. ఫైబ్రిన్ దారాన్ని పట్టుకున్నాకే ఇది చురుగ్గా పనిచేస్తుంది. ప్లాస్మినోజెన్ కూడా ఆ దారానికే అంటుకుంటుంది. లేపేవాడూ లేవవలసినవాడూ గడ్డ దగ్గరే కలుసుకుంటారన్నమాట. అక్కణ్ణుంచి తప్పించుకుని రక్తంలోకి వచ్చిన ప్లాస్మిన్‌ను ఇతర మాంసకృత్తులు క్షణాల్లో పట్టి అణిచివేస్తాయి. మూత్రంలో దొరికే యూరోకైనేజ్ కూడా ఇలా లేపే ఎంజైమే.

ఇంత ఏర్పాటుండగా గుండెపోటు ఎందుకు వస్తుంది? గుండె కండరానికి రక్తం తెచ్చే సన్నని నాళంలో గడ్డ అడ్డుపడితే మన కత్తెర దాన్ని కోయడం మొదలుపెడుతుంది. కాని ఆ పని నెమ్మది. కండరం మాత్రం అరగంటలోనే చావడం ఆరంభిస్తుంది.

అందుకే బయటినుంచి సాయం కావాలి. ఆ సాయం మొదట దొరికింది ఒక రోగక్రిమి దగ్గర! గొంతు నొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్ విడుదల చేసే పదార్థం రక్తపు గడ్డను కరిగిస్తుందని 1933లో అమెరికాలో విలియం టిల్లెట్ చూపించాడు. అదే స్ట్రెప్టోకైనేజ్. నిజానికిది తనంతట తాను ఎంజైము కాదు; మన ప్లాస్మినోజెన్‌ను కౌగిలించుకుని పని చేయిస్తుంది. దొంగ చేతిలోని తాళంచెవి వైద్యుడి చేతికి వచ్చిందన్నమాట. ఇది గడ్డ దగ్గరనే కాక రక్తమంతటా ప్లాస్మినోజెన్‌ను లేపుతుంది కాబట్టి రక్తస్రావం ప్రమాదం వుంది. గడ్డనే వెతికి పట్టే టి.పి.ఎ. 1987లో అమెరికాలో గుండెపోటుకు మందుగా అనుమతి పొందింది.

ఈ కథలో మన ఊరికీ చోటుంది. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ తొలి పరిశోధనలు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో మొదలై, తార్నాక దాటాక ఉప్పల్ రోడ్డు మీద వున్న సి.సి.ఎం.బి.లో కొనసాగాయి. 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిన ఆ సంస్థ తరువాత స్ట్రెప్టోకైనేజ్‌నూ తయారుచేసింది. హైదరాబాదుదే అయిన భారత్ బయోటెక్ కూడా చేసింది. స్ట్రెప్టోకాకస్ జన్యువును వేరే సూక్ష్మజీవిలో చేర్చి, దానిచేత మందు చేయించడం ఇందులోని కిటుకు. మా విద్యార్థి పడ్డ రోడ్డుకు ఆ ప్రయోగశాలలు ఎంతో దూరం కాదు.

మందు వుంటే చాలదు, వేళకు పడాలి. ఇటలీలో 11,806 మంది గుండెపోటు రోగుల మీద జరిగిన పరిశీలన ఫలితాలు 1986లో వచ్చాయి. నొప్పి మొదలైన గంటలోపు స్ట్రెప్టోకైనేజ్ అందినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆరు గంటలు దాటాక ఇచ్చినవారిలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఈనాడు పెద్ద ఆసుపత్రుల్లో సన్నని గొట్టం పంపి నాళాన్ని తెరుస్తున్నారు. ఆ సౌకర్యం త్వరగా అందని చోట ఇప్పటికీ ఈ మందులే ఆధారం. మెదడు నాళంలో గడ్డ పడి పక్షవాతం వచ్చినప్పుడు టి.పి.ఎ.ను మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇస్తారు. అదీ ముందు స్కానింగు తీసి, నాళం చిట్లలేదని తేల్చుకున్నాకనే. చిట్లిన నాళానికి ఈ కత్తెర తోడైతే ఏమవుతుందో మీరే ఊహించండి.

మా వీధిలో ఒక పెద్దాయన రాత్రి ఛాతీ నొప్పి వస్తే గ్యాసనుకుని సోడా తాగి పడుకున్నారు. తెల్లవారి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి గుండె కండరం చాలాభాగం పోయింది. ఆయన బతికారు గాని, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా తాతయ్య కూడా సోడాయే తాగుతాడు సార్," అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళింటి గోడ మీద సుద్దముక్కతో 108 అని పెద్దగా రాశాడట.