వచ్చే ఏడాదికి పాల డబ్బు లెక్క

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని అందరం చెవులు రిక్కించి వింటాము. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అన్నారంటే మనసు చివుక్కుమంటుంది. అయితే మన ఇంటి అసలు ఆదాయ వ్యయాలు పాల సంఘం వారిచ్చిన పాసుపుస్తకంలోనే ఉన్నాయి. వాటిని చదివి వినిపించేవారే లేరు.

సర్వసభ్య సమావేశాలలోను, బోనసు పంచే రోజులలోను సభ్యులు మమ్మల్ని తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు: "ఈ డబ్బు ఎక్కడ పెడితే బాగుంటుందండీ?" దానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. ముందుగా ఒక మాట మనవి చేస్తున్నాము. డబ్బు ఎక్కడ పెట్టాలో చూసుకునే ముందు, ఎక్కడ కారిపోతున్నదో చూసుకోవాలి. చిల్లి కుండలో ఎన్ని పాలు పోసినా నిలవవు.

పాడి ఆదాయం నెల జీతం కాదు

ఉద్యోగికి పన్నెండు నెలలూ ఒకే జీతం వస్తుంది. పాడి రైతుకు అలా రాదు. మన గేదెలు ఎక్కువగా వానాకాలం నుండి చలికాలం వరకు ఈనుతాయి. కాబట్టి దసరా మొదలు శివరాత్రి వరకు సంఘానికి పాలు పుష్కలంగా వస్తాయి. ఎండలు ముదిరేసరికి పచ్చమేత తగ్గుతుంది, గేదెలు వట్టిపోతాయి, పక్షం బిల్లు చిక్కిపోతుంది. కాని దాణా ఖర్చు ఆగదు, ఇంటి ఖర్చు ఆగదు. పైగా పెళ్ళిళ్ళు వేసవిలోనే, పిల్లల బడి ఫీజులు జూన్‌లోనే. పాలు తగ్గిన నెలల్లోనే డబ్బు ఎక్కువ కావాలి. ఊళ్ళో అప్పు పుట్టేది ఇక్కడే.

ఉదాహరణకు ఒక ఇంటిని తీసుకుందాము. ఇంట్లో రెండు గేదెలు. రెండవ గేదెను కొన్నప్పుడు ఊళ్ళో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి రూ. 50,000/- తెచ్చారు. ఇప్పటికీ వడ్డీ కడుతున్నారే గాని అసలు తీరలేదు. అదే ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికని బ్యాంకులో రూ. 50,000/- ఫిక్సెడ్ డిపాజిట్ ఉన్నది. ఇటువంటి ఇళ్ళు ఏ సంఘంలోనైనా కనిపిస్తాయి.

బ్యాంకు వడ్డీ – ఊరి వడ్డీ

రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చేటప్పుడు తీసుకునే వడ్డీని రెపో రేటు అంటారు. 2025లో ఈ రేటును ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, డిసెంబరు నెలల్లో నాలుగు దఫాలుగా 6.50 శాతం నుండి 5.25 శాతానికి తగ్గించారు. రెపో తగ్గితే బ్యాంకులు కొత్త డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీని కూడా తగ్గిస్తాయి. పాత డిపాజిట్‌కు గడువు తీరేవరకు పాత వడ్డీయే వస్తుంది. తిరిగి వేసినప్పుడు మాత్రం ఆ రోజు రేటే వర్తిస్తుంది. కాబట్టి వచ్చే ఏడాది డిపాజిట్ తిరగవేసేవారు పాత వడ్డీనే లెక్కలో వేసుకోరాదు.

బ్యాంకు వడ్డీ తగ్గినంత మాత్రాన ఊరి వడ్డీ తగ్గదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. నెలకు రెండు రూపాయలే కదా అని తేలికగా కనిపించడం వల్లనే ఈ భారం మనకు తెలియకుండా పెరుగుతుంది.

పై ఇంటి లెక్క చూద్దాము. రూ. 50,000/- అప్పుకు ఏడాది వడ్డీ రూ. 12,000/-. అంతే మొత్తం డిపాజిట్ మీద నూటికి ఆరున్నర వచ్చిందనుకున్నా ఏడాదికి రూ. 3,250/-. తేడా రూ. 8,750/- ఏటా నష్టం. దీన్నే పాలలో చెప్పుకుందాము. లీటరుకు రూ. 60/- చొప్పున వచ్చిందనుకుంటే రూ. 12,000/- అంటే 200 లీటర్లు. పూటకు రెండున్నర లీటర్లిచ్చే గేదె నలభై రోజుల పాలు. అంటే ఆ ఇంటి ఇల్లాలు ఏడాదిలో నలభై రోజులు తెల్లవారుజామున లేచి పిండిన పాలు వడ్డీ వ్యాపారి గిన్నెలో పోస్తున్నదన్నమాట.

మొదటి పని: పెద్ద వడ్డీ అప్పు తీర్చడం

అందుచేత అప్పు ఉన్న సభ్యులకు వచ్చే ఏడాది అన్నిటికన్నా లాభసాటి పెట్టుబడి ఆ అప్పు తీర్చడమే. నిఖరంగా 24 శాతం మిగిల్చే పథకం మరొకటి ఎక్కడా లేదు.

"పెళ్ళి డబ్బు ముట్టుకోవడమా?" అని ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ భయం సహజమే. అయినా లెక్క వినండి. డిపాజిట్ తీసి అప్పు కట్టివేస్తే, గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు కొంత వడ్డీ కోసుకుంటుంది. కాని అప్పటివరకు వడ్డీకి పోయిన రూ. 1,000/- ప్రతి నెలా ఇంట్లో మిగులుతుంది. దాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పోతే నాలుగేళ్ళలో అసలే రూ. 48,000/- అవుతుంది. వడ్డీతో కలిపితే యాభై వేలు దాటుతుంది. అప్పూ ఉండదు, పెళ్ళి డబ్బూ తిరిగి నిలుస్తుంది. డిపాజిట్ తీయడానికి మనసొప్పకపోతే దాని మీదనే బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. దానికి డిపాజిట్ వడ్డీ కన్నా సుమారు ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ ఉంటుంది.

కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుండి పాడి రైతులకు కూడా వర్తింపజేశారు. మేత, దాణా, పశువైద్యం వంటి నిర్వహణ ఖర్చులకు రూ. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇస్తారు. గడువులోగా తీర్చినవారికి అందులో 3 శాతం రాయితీ ఉన్నది. అంటే చివరకు పడేది 4 శాతం; నూటికి నెలకు ముప్పైమూడు పైసలు. 2025 జనవరి 1 నుండి రూ. 2 లక్షల వరకు వ్యవసాయ, అనుబంధ రుణాలకు తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ కార్డు దాణా, మేత కోసమే గాని పెళ్ళి ఖర్చుకు కాదు. గడువు దాటితే రాయితీ పోతుంది. కాబట్టి పాలు ఎక్కువగా ఉన్న చలికాలంలోనే కార్డు బాకీ కట్టుకునేలా చూసుకోవాలి.

రెండవ పని: వట్టిపోయిన రోజులకు నిలవ

తీరిన అప్పు మళ్ళీ పుట్టకుండా ఉండాలంటే వేసవికి కొంత డబ్బు పక్కన ఉండాలి. గడ్డి వామి వేసుకున్నట్టే ఇది కూడా. పాలు బాగా ఉన్న ఐదు నెలలు లీటరుకు రూ. 5/- చొప్పున తీసి వేరే ఖాతాలో వేయండి. రోజుకు 8 లీటర్లు పోసే ఇంటికి రోజుకు రూ. 40/-. నూట యాభై రోజులకు రూ. 6,000/-. వేసవి మూడు నెలలకు నెలకు రూ. 2,000/- చొప్పున ఆసరా. ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చు. కాని దాణా బస్తాకు, బడి ఫీజుకు ఊళ్ళో చెయ్యి చాపకుండా కాపాడుతుంది. ఈ నిలవ పొదుపు ఖాతాలోనే ఉండనివ్వండి. వడ్డీ తక్కువైనా, కావలసిన రోజున చేతికి రావడం దాని ప్రయోజనం.

మూడవ పని: గేదెకు, మనిషికి బీమా

ఒక్క గేదె చనిపోతే ఏళ్ళ పొదుపు ఒక్క రోజులో పోతుంది. మళ్ళీ గేదె కొనడానికి మళ్ళీ అదే రెండు రూపాయల వడ్డీ. జాతీయ పశుసంపద మిషన్ కింద పశుబీమా ప్రీమియంలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. మీ మండల పశువైద్యశాలలో అడిగి వివరాలు తెలుసుకోండి. బీమా చేసిన పశువు చెవిపోగు ఊడిపోతే వెంటనే తిరిగి వేయించాలి. చెవిపోగు లేకుంటే పరిహారం దక్కదు. పశువు చనిపోతే ముందు బీమా వారికి, పశువైద్యునికి తెలియజేయాలి. పరీక్ష పూర్తి కాకుండా పూడ్చరాదు.

గేదెకు బీమా చేసి మనిషిని మరచిపోరాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు 2022 జూన్ నుండి ఏడాదికి రూ. 20/- ప్రీమియం. 18 నుండి 70 ఏళ్ళ వారికి ప్రమాదంలో మరణిస్తే రూ. 2 లక్షలు ఇస్తారు. జీవన్ జ్యోతి బీమా యోజనకు రూ. 436/-. ఇందులో 18 నుండి 50 ఏళ్ళ వరకు చేరవచ్చు. ఏ కారణంగా మరణించినా కుటుంబానికి రూ. 2 లక్షలు వస్తాయి. అయితే కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికే వర్తిస్తుంది. రెండూ కలిపి రూ. 456/-, అంటే ఎనిమిది లీటర్ల పాల ధరకు లోపే. ప్రీమియం మే నెలాఖరున ఖాతా నుండి దానంతటదే పోతుంది. అది పాలు తక్కువగా ఉండే నెల కాబట్టి ఖాతాలో ఆ మొత్తం ఉండేట్టు ముందే చూసుకోండి.

నాల్గవ పని: మిగిలినది దాచడం

ఈ మూడూ అయిన తరువాత మిగిలిన డబ్బుకే "ఎక్కడ పెట్టాలి" అన్న ప్రశ్న. పదేళ్ళ లోపు ఆడపిల్ల ఉన్నవారికి పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా మంచిది. ఏడాదికి కనీసం రూ. 250/- నుండి గరిష్ఠంగా రూ. 1.5 లక్షల వరకు వేయవచ్చు. 2024 జనవరి నుండి వర్తించేలా దీని వడ్డీని 8.2 శాతంగా నిర్ణయించారు. ఈ పథకాల వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకొకసారి సమీక్షిస్తుంది. కాబట్టి చేరే రోజున పోస్టాఫీసులో రేటు అడగండి.

బ్యాంకు డిపాజిట్ వేసేవారు ఉన్నదంతా ఒకే గడువుకు వేయకండి. రూ. 30,000/- ఉంటే పది వేల చొప్పున ఒక ఏడాదికి, రెండేళ్ళకు, మూడేళ్ళకు వేయండి. రేట్లు తగ్గినా కొంత సొమ్ముకు పాత వడ్డీ నిలుస్తుంది; పెరిగితే గడువు తీరిన భాగానికి కొత్త వడ్డీ దొరుకుతుంది. అవసరం వచ్చినా మొత్తం చెరపనక్కరలేదు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి రూ. 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉన్నది. ఇది సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలలో వేసిన డిపాజిట్లకు వర్తించదు.

ప్రతి ఖాతాకు నామినీ పేరు రాయించండి. గేదె పని ఎక్కువగా చేసేది ఇంటి ఆడవారే. వారికి తెలియని పొదుపు, వారి చేతికి రాని పాసుపుస్తకం ఆపదలో ఉపయోగపడవు.

జాగ్రత్తలు

నెలకు నూటికి మూడు నాలుగు రూపాయలు మేమే ఇస్తామని, డబ్బు రెట్టింపు చేస్తామని వచ్చేవారిని నమ్మకండి. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 చట్టం నిషేధించింది. కాని చట్టం దోషిని పట్టుకున్నా పోయిన డబ్బు రావడానికి ఏళ్ళు పడుతుంది. చీటీ వేసేవారు 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరు అయినదేనా అని కాగితం చూసి అడగండి. తెలిసినవాడే కదా అన్న మొగమాటం వద్దు. ఫోనులో క్షణంలో అప్పిస్తామనే యాప్‌ల జోలికి పోకండి. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి.

2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటిన తరువాత చాలామంది కళ్ళు అటే ఉన్నాయి. మిగులు డబ్బుతో కొద్దిగా కొనుక్కోవడంలో తప్పు లేదు. అప్పు చేసి కొనడం, గేదెను అమ్మి కొనడం మాత్రం తగదు. పెరిగిన ధర తగ్గవచ్చు కూడా. కొట్టంలో ఉన్న మేలుజాతి పెయ్యదూడకు వేళకు నట్టల మందు, ఖనిజ లవణ మిశ్రమం ఇచ్చి పెంచితే, అది రేపు అప్పు లేకుండా వచ్చే గేదె. ఇది కూడా పెట్టుబడే.

సభ్యులకు మనవి

ఈసారి బోనసు అందిన రోజున ఖర్చుకు ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాయండి: అప్పు ఎంత, దాని వడ్డీ ఎంత, వేసవికి నిలవ ఎంత, బీమా ఉన్నదా లేదా, మిగిలేది ఎంత. ఈ వరుస మార్చకుండా పై నుండి కిందికి నడవండి. ఒకే ఏడాదిలో నాలుగూ పూర్తి కాకపోవచ్చు. మొదటి వరుస చెరిపివేసినా ఆ ఏడాది మంచి ఏడాదే.

సంఘ కార్యదర్శులు ఈ వ్యాసాన్ని రాబోయే సమావేశంలో సభ్యులందరికీ చదివి వినిపించి, క్రెడిట్ కార్డు, పశుబీమా కావలసిన వారి జాబితా తయారు చేసి బ్యాంకుకు, పశువైద్యశాలకు పంపగలరని కోరుతున్నాము.