భయాలకూ ఒక చీటీ రాద్దాం

2023 ఆగస్టు 23 సాయంత్రం. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. హాల్లో టీవీ ముందు మా అమ్మాయి, ఎదురింటి పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆరు గంటల నాలుగు నిమిషాలకు విక్రమ్ చంద్రుడి మీద మెల్లగా దిగింది. పిల్లలు గంతులేశారు. కాసేపటికి చంద్రయాన్-3 ప్రాజెక్టు సారథుల్లో ఒకరైన కల్పన కాళహస్తి మైకు ముందుకొచ్చారు. చంద్రయాన్-2 అనుభవం తర్వాత నౌకను మళ్ళీ నిర్మించడం మొదలెట్టిన రోజు నుంచీ తమ బృందానికి ఊపిరంతా ఇదేనన్నారు. ఆమె మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఆడపడుచని తెలిశాక మా వీధి వీధంతా మురిసిపోయింది.

అప్పటికి వారం నుంచీ మా అమ్మాయి మొహం వేలాడేసుకుని తిరుగుతోంది. లెక్కల్లో మార్కులు తగ్గాయట, ఇంటర్లో ఎంపీసీ వద్దంటుంది. సమయం దొరికింది కదా అని అందుకున్నాను. ‘‘చూశావా? 2019లో కూలిపోయిందని ఊరుకున్నారా? మళ్ళీ ప్రయత్నించారు, గెలిచారు. ఓటమికి భయపడకూడదే!’’

అది టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే అంది: ‘‘మరి నీ కథ తిరిగొస్తే నువ్వెందుకు రాయడం మానేశావమ్మా?’’

పప్పు మాడిన వాసన వచ్చేదాకా నేను అక్కడే నిలబడిపోయాను.

అవే నాలుగేళ్ళు

నిజమే. 2019లోనే నా కథొకటి ఓ పత్రిక నుంచి తిరిగొచ్చింది. అంతకుముందు నాలుగైదు అచ్చయ్యాయి కాబట్టి చుట్టాలందరికీ ముందే చెప్పేసుకున్నాను. ‘ఇంకా రాలేదా?’ అని ఒక్కొక్కరూ అడుగుతుంటే తల కొట్టేసినట్టయింది. నోటుపుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టేశాను. ఎవరైనా అడిగితే ‘ఇంటిపనితో తీరడం లేదండీ’ అనేదాన్ని. అది అబద్ధం. తీరిక లేక కాదు, మళ్ళీ తిరిగొస్తుందేమోనని భయం!

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడికి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సంబంధాలు తెగిపోయాయి. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ ఎం. వనిత, మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్, ఇద్దరూ ఆడవాళ్ళే. నా కథ ఓడిపోయింది నలుగురు చుట్టాల ముందు. వాళ్ళ నౌక కూలింది దేశమంతా మేలుకుని చూస్తుండగా. తర్వాతి నాలుగేళ్ళు వాళ్ళకీ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. వాళ్ళు నౌక కట్టారు. నేను మూట కట్టాను.

ఏమేం చెడిపోవచ్చు?

వాళ్ళు చేసిందేమిటో తెలుసుకోవాలనిపించి చదివాను. ‘ధైర్యంగా ఉండండి’ అని చెప్పుకుని మళ్ళీ ఎగరేయలేదు వాళ్ళు. అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్. సోమనాథ్ చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. చంద్రయాన్-2ను అంతా సవ్యంగా జరిగితే ఎలా గెలుస్తామన్న లెక్కతో తయారు చేశారట. చంద్రయాన్-3ని మాత్రం ఏమేం చెడిపోవచ్చు, చెడితే ఎలా కాపాడుకోవాలి అన్న లెక్కతో చేశారట. ఇంజను చెడితే? సెన్సరు పనిచేయకపోతే? లెక్క తప్పితే? ఒక్కో భయాన్నీ కాగితం మీద పెట్టి దానికి విరుగుడు వెతికారు. దిగడానికి మొదట అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పున్న చోటే అనుకున్నది, ఈసారి నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పు దాకా పెంచుకున్నారు. కాళ్ళు గట్టి చేశారు. ఇంధనం ఎక్కువ పెట్టారు.

మరో సంగతి. చంద్రయాన్-2లో ల్యాండర్ కూలినా, చంద్రుడి చుట్టూ తిరిగే ఆర్బిటర్ పని చేస్తూనే ఉంది. కొత్త ల్యాండర్ దిగేచోటు ఎంచుకోవడానికి దాని ఫొటోలే సాయపడ్డాయి. ఓడిపోయామనుకున్న పనిలోనూ పనికొచ్చేది మిగులుతుందన్నమాట!

ఇదంతా మనకు దూరం సంగతి కూడా కాదు. ఈ రెండు నౌకలూ ఎగిరిన శ్రీహరికోట 2022 నుంచీ మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 1979 ఆగస్టు 10న అబ్దుల్ కలాం ఆధ్వర్యంలో అక్కడి నుంచి లేచిన మొదటి ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు విలేకరుల ముందు నిలబడి బాధ్యత తలకెత్తుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జులై 18న గెలిచినప్పుడు మాత్రం కలాంనే మాట్లాడమని పంపారు. మన ఇళ్ళల్లో పిల్లలు తప్పినప్పుడు మనం ఎక్కడ నిలబడుతున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి.

సరుకుల చీటీ వెనకాల

మర్నాడు మధ్యాహ్నం సరుకుల చీటీ వెనకవైపు నా భయాలు రాశాను. కథ తిరిగొస్తే? ఇంకో పత్రికకు పంపాలి. చుట్టాలు అడుగుతారా? అచ్చయ్యేదాకా చెప్పకూడదు. ‘ఇందులో అత్తగారు నేనేనా?’ అని మా అత్తయ్య నొచ్చుకుంటే? ముందు ఆమెకే చదివి వినిపించాలి. టైము? పిల్లలు బడికెళ్ళాక ఒక గంట. ‘అసలు నాకు రాయడం రాదేమో’ అన్న చివరి భయానికి మాత్రం విరుగుడు తోచలేదు. దాన్నలాగే వదిలేసి అటక ఎక్కాను.

ఇప్పటికి ఆరు కథలు పంపాను. నాలుగు తిరిగొచ్చాయి, రెండు అచ్చయ్యాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటూనే ఉంది. అయితే ఏం చేయాలో చీటీలో ఉంది కాబట్టి రెండు రోజుల్లో తేరుకుంటున్నాను. మా అత్తయ్య అయితే, ‘‘అత్తను ఇంకొంచెం గడుసుగా రాయవే’’ అని సలహా కూడా ఇస్తోంది!

మా అమ్మాయీ ఒక చీటీ రాసుకుంది. అందులో మొదటి భయం ‘ఫెయిలైతే అమ్మ తిడుతుంది’. దాని పక్కన నా చేత సంతకం పెట్టించుకుంది, తిట్టనని. తర్వాత ఎంపీసీలోనే చేరింది. మార్కులు ఒకసారి వస్తున్నాయి, ఒకసారి తగ్గుతున్నాయి. తగ్గినప్పుడు ఆ సంతకం గుర్తొచ్చి నాలుక కరుచుకుంటున్నాను.

పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. కుట్టుమిషను కొనాలన్నా, ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేయాలన్నా, స్కూటీ నేర్చుకోవాలన్నా మనల్ని ఆపుతున్న భయాలు లెక్కిస్తే మహా అయితే అయిదో ఆరో ఉంటాయి. మీ ఇంట్లో సరుకుల చీటీ వెనకవైపు ఖాళీగానే ఉంది కదూ?