నోటి క్యాన్సర్ జాడ పట్టే ఫోన్ కెమెరా: ఎలా పని చేస్తుంది?

కెమెరా అనగానే మనం మెగాపిక్సెల్స్ లెక్కపెడతాం. నోటి క్యాన్సర్ స్క్రీనింగ్‌లో మాత్రం అసలు పనంతా లైట్‌దే.

అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీ రీసెర్చర్లు, బెంగళూరు డాక్టర్లు కలిసి చేసిన ఒక డివైస్ వివరాలు 2018లో బయటికొచ్చాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి తెల్ల ఎల్ఈడీలు, 405 నానోమీటర్ల వయొలెట్ ఎల్ఈడీలు తగిలించారు. వయొలెట్ లైట్ పడితే ఆరోగ్యంగా ఉన్న నోటి లోపలి పొర ఆకుపచ్చగా మెరుస్తుంది. క్యాన్సర్ మొదలవుతున్న చోట కింది కొల్లాజెన్ దెబ్బతిని, ఆ మెరుపు తగ్గి నల్లగా కనిపిస్తుంది. అనుమానం ఉన్న ఫోటోలను న్యూరల్ నెట్‌వర్క్ వేరు చేస్తుంది. అంటే ఊళ్లో హెల్త్ వర్కర్ ఫోటో తీస్తే, సిటీలో ఉన్న స్పెషలిస్ట్ చూడొచ్చన్నమాట.

మరి లోపాలు? మామూలు వాపు కూడా నల్లగానే కనిపించొచ్చు. క్యాన్సరని తేల్చేది బయాప్సీ ఒక్కటే. ఇక మన ఫోన్ ఫ్లాష్‌తో ఈ మెరుపు కనిపించదు, కాబట్టి నోటి సెల్ఫీ చూసి "ఏం లేదులే" అనుకోకండి.

గుట్కా, ఖైనీ వేసే ఫ్రెండ్ ఉన్నాడా? రెండు వారాలైనా మానని పుండు, పోని తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉంటే వెంటనే డెంటిస్ట్ దగ్గరికి లాక్కెళ్లండి. దానికి ఏ యాప్ అక్కర్లేదు.