అరుస్తున్నాడుగా, ఊపిరాడుతున్నట్టేనా?

ఏలూరు వన్‌టౌన్ సందుల్లోనైనా, తాడేపల్లిగూడెం మార్కెట్ దగ్గరైనా, కొల్లేటి ఊళ్లలో సంక్రాంతి కోడిపందేల బరి పక్కనైనా ఇలాంటి గొడవ ఎప్పుడో ఒకప్పుడు చూడనివాళ్లు అరుదు. తాగి తూలుతున్నవాడో, మతి చెదిరి వీధిన పడ్డవాడో, సెల్‌ఫోన్ కొట్టేస్తూ దొరికిపోయిన కుర్రాడో నేల మీద బోర్లా పడి ఉంటాడు. ఒకరు మెడ నొక్కి పడతారు. ఇంకొకరు వీపు మీద మోకాలు వేస్తారు. మిగతావాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుంటారు. కిందనున్నవాడు “ఊపిరాడట్లేదండీ, వదలండి బాబూ” అంటాడు. “ఆడకపోతే ఎలా అరుస్తున్నావురా? నాటకాలు!” అంటారు పైనున్నవాళ్లు. చుట్టూ మూగినవాళ్లకి ఆ మాట సబబుగానే తోస్తుంది.

కానీ అది తప్పు. ప్రాణం తీయగల తప్పు.

మాట పుట్టేది బయటికి పోయే గాలితో. లోపలికి ఎంత గాలి వస్తోందో, అందులో ఎంత రక్తానికి అందుతోందో మాట చెప్పదు. విశ్రాంతిగా కూర్చున్న పెద్దవాళ్లు ఒక్కసారి పీల్చే గాలి సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో 150 దాకా ముక్కు, గొంతు, శ్వాసనాళాలు నిండడానికే సరిపోతుంది. మిగిలిన 350 మాత్రమే ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల్లోకి చేరి రక్తానికి ఆక్సిజన్ ఇస్తుంది, అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తెస్తుంది. ఇప్పుడు వీపు మీద ఒక మనిషి బరువు పడింది, పొట్ట నేలకు అదిమి ఉంది. పక్కటెముకలు విచ్చుకోవు, ఉదరవితానం కిందికి దిగదు. పీల్చే గాలి 200కి పడిపోయిందనుకుందాం. గొట్టాలు నిండగా గాలిగదులకు దక్కేది 50. నిమిషానికి ఇరవైసార్లు ఎగశ్వాస తీసుకున్నా ఒక లీటరే. హాయిగా కూర్చున్నప్పుడు నిమిషానికి అందేది నాలుగు లీటర్ల పైమాట. ఆ కాస్త గాలితో గొంతు మాత్రం పలుకుతూనే ఉంటుంది.

2020లో ముగ్గురు అమెరికా వైద్యులు, లా, వైస్‌మన్, ఇవాషినా, ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో ఈ అపోహ మీదే ఒక వ్యాసం రాశారు. నోటితో ఒక అక్షరం పలకడానికి సుమారు 50 మిల్లీలీటర్ల గాలి చాలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కని మన మాటకి వేసి చూస్తే, ‘ఊపిరాడట్లేదు’ అనడానికి ఆరు అక్షరాలు, 300 మిల్లీలీటర్లు. మామూలుగా గాలి వదిలేశాక కూడా మనిషి ఛాతీలో గట్టిగా ఊదితే బయటికొచ్చే నిల్వ ఇంకో లీటరు దాకా ఉంటుంది. అంటే కొత్తగా ఒక్క గుక్క పీల్చకుండానే ఆ మాట మూడుసార్లు అనొచ్చు. విన్నవాళ్లు మాత్రం ‘మూడుసార్లు అరిచాడు, బాగానే ఉన్నాడు’ అనుకుంటారు.

ఆ వ్యాసానికి ప్రేరణ ఏమిటో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2020 మే 25న మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి డెరెక్ షావిన్ మోకాలు తొమ్మిదిన్నర నిమిషాలు ఉంది. ఊపిరాడడం లేదని ఫ్లాయిడ్ ఇరవైసార్లకు పైగా మొరపెట్టుకున్నాడు. మాట్లాడటానికి బోలెడు ఆక్సిజన్ కావాలి కదా అన్నది షావిన్ జవాబు. అంతకు ఆరేళ్ల ముందు, 2014 జులైలో, న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ అదే మాట పదకొండుసార్లు అని ప్రాణం వదిలాడు. షావిన్ విచారణలో 2021 ఏప్రిల్ 8న సాక్ష్యం చెప్పిన ఊపిరితిత్తుల నిపుణుడు మార్టిన్ టోబిన్ జ్యూరీకి ఒక సంగతి విడమరిచారు. మాట్లాడుతున్న ఆ క్షణాన మనిషి శ్వాసిస్తున్న మాట నిజమే, అయిదు సెకన్ల తర్వాత శ్వాసిస్తాడన్న హామీ మాత్రం అందులో లేదు.

ఇదంతా అమెరికా సంగతి అనుకోవడానికి వీల్లేదు. ఫ్లాయిడ్ మరణానికి తొమ్మిది రోజుల ముందు, మే 16న, విశాఖపట్నం అక్కయ్యపాలెం దగ్గర జాతీయ రహదారి మీద డాక్టర్ సుధాకర్‌ని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టిన వీడియోలు రాష్ట్రమంతా చూసింది. నర్సీపట్నం ఆసుపత్రిలో మాస్కులు లేవని మాట్లాడి సస్పెండయిన వైద్యుడాయన. తాగి గొడవ చేశారని పోలీసులన్నారు. ఆ ఘటనలో ఒక కానిస్టేబుల్ సస్పెండయ్యాడు, హైకోర్టు దర్యాప్తుని సీబీఐకి అప్పగించింది. ఆ రోజు ఆయన ప్రాణానికి ఏమీ కాలేదు. ఏడాది తర్వాత గుండెపోటుతో చనిపోయారు. ఆయన మత్తు వైద్యుడన్నది ఇక్కడ మరిచిపోకూడని విషయం. ఆపరేషన్ బల్ల మీద మాట లేకుండా పడుకున్న మనిషికి ప్రతి శ్వాసనీ లెక్కపెట్టి కాపాడే వృత్తి ఆయనది. రోడ్డు మీద ఆయన శ్వాసని లెక్కపెట్టినవాళ్లు ఆ వీడియోల్లో ఎవరూ కనిపించరు.

కొల్లేటికి కూతవేటు దూరంలోని ఉండి నియోజకవర్గం ఎమ్మెల్యే కె.రఘురామకృష్ణరాజు ఫిర్యాదు ఇంకా దగ్గరిది. నరసాపురం ఎంపీగా ఉండగా 2021 మే 14న సీఐడీ అరెస్టు చేసిన రాత్రి, గుండెకు బైపాస్ అయిన తన ఛాతీ మీద కూర్చుని చంపబోయారని ఆయన ఆరోపణ. దాని మీద 2024 జులైలో గుంటూరులో కేసు నమోదైంది. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానం. ఛాతీ మీద మనిషి కూర్చోవడం దెబ్బ కొట్టడం కంటే తక్కువ ప్రమాదమేమీ కాదని మాత్రం తీర్పు కోసం ఆగకుండానే చెప్పొచ్చు.

ఇంతకీ మాట వస్తే ఊపిరాడుతున్నట్టేనన్న నమ్మకం ఎక్కడిది? కొంతవరకు ప్రథమ చికిత్స పాఠాల నుంచే వచ్చి ఉండొచ్చు. గొంతులో మెతుకో, చేపముల్లో అడ్డుపడినవాళ్లని “మాట్లాడగలవా?” అని అడగమని నేర్పుతారు. మాట వస్తే దారి పూర్తిగా మూసుకుపోలేదని అర్థం. గొంతులో అడ్డు విషయంలో అది సరైన పరీక్షే. ఛాతీని తొక్కిపెట్టినప్పుడు దారి తెరిచే ఉంటుంది, గాలిని లాగే కండరాలే కదలవు. ఒక జబ్బుకి పెట్టిన పరీక్షని ఇంకో ఆపదకి అరువు తెచ్చుకున్నాం.

మాట వచ్చినంత మాత్రాన ఆక్సిజన్ అందుతున్నట్టు కాదన్న పాఠాన్ని కొవిడ్ మన ఇళ్లలోనే చెప్పింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఫోన్‌లో నిమ్మళంగా మాట్లాడుతున్నవాళ్ల వేలికి ఆక్సీమీటర్ పెడితే 80, 75 అని చూపించింది. 94 ఉండాల్సిన చోట! “పొద్దున మాట్లాడాడండీ, సాయంత్రానికి లేడు” అన్న మాట ఎన్ని ఇళ్లలో వినిపించిందో.

అదిమిపట్టడంలోని ప్రమాదాన్ని పెనుగులాట ఇంకా పెంచుతుంది. పరిగెత్తి, తన్నుకుని, భయంతో గింజుకున్న శరీరంలో ఆమ్లం పేరుకుపోతుంది. వేగంగా, లోతుగా శ్వాసించి కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేయడమే అప్పటికప్పుడు శరీరానికున్న దారి. అందుకే వంద మీటర్లు పరిగెత్తినవాడు రొప్పుతాడు. రొప్పాల్సిన మనిషిని అదిమిపెడితే ఆమ్లం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఇలా అదిమిపట్టాక గుండె ఆగిన మనుషుల రక్తంలో తీవ్రమైన ఆమ్లస్థితిని 1999లోనే అమెరికా అత్యవసర వైద్యులు నమోదు చేశారు.

ఎదుటి వాదనా ఉంది. శాన్‌డియాగోలో 1997లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లని వ్యాయామం చేయించి, కాళ్లూ చేతులూ వెనక్కి కట్టి బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గింది గానీ ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోలేదు. కోర్టుల్లో దీన్ని చాలాసార్లు చూపించారు. అయితే ప్రయోగశాలలో వీపు మీద ముగ్గురు మనుషులుండరు. మద్యం, మత్తుమందు, స్థూలకాయం, ఉబ్బసం, చస్తానేమోనన్న భయం ఉండవు. ఆపమంటే ఆపుతారని వాలంటీరుకి తెలుసు. రోడ్డు మీద పడ్డవాడికి ఆ ధీమా ఎక్కడిది?

నిజానికి కైకలూరు, ఆకివీడు చెరువుల రైతులకి ఇది కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మబ్బు పట్టిన రాత్రి గడిచి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, “కదులుతున్నాయిగా” అని ఏ రైతూ ఇంటికెళ్లి పడుకోడు. పరుగెత్తి ఏరియేటర్లు వేస్తాడు, కొత్త నీరు పెడతాడు. తేలిన చేప కదలికని ఆక్సిజన్ అందని గుర్తుగానే చూస్తాడు. ఊపిరాడట్లేదన్న మనిషి మాటని కూడా అలాగే వినాలి.

పట్టుకోవడం ఎప్పుడూ కోపంతోనే జరగదు. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 500 దాటారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ చెప్పింది. ఫిట్స్ వచ్చినవాళ్లని చూడగానే మనవాళ్లు చేతిలో తాళాలు పెడతారు, కొట్టుకుంటున్న కాళ్లూ చేతులూ బలంగా పట్టేస్తారు. తాళాల వల్ల ఒరిగేదేమీ లేదు, బలంగా పట్టడం వల్ల హాని ఉంది. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆగాక కాసేపు మనిషి అయోమయంలో ఉంటాడు, తోసేస్తాడు, అరుస్తాడు. అప్పుడే నలుగురూ మీద పడి అదిమే ప్రమాదం ఎక్కువ. తల కింద మెత్తనిది పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, దగ్గర కూర్చుంటే చాలు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి నిర్బంధించకూడదని పాత క్రిమినల్ ప్రక్రియా స్మృతి చెప్పింది, 2024లో దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 46వ సెక్షన్ కూడా అదే అంటోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం, రోగిని కట్టేయడం వేరే దారి లేనప్పుడే, చికిత్స చేస్తున్న మానసిక వైద్యుడి అనుమతితోనే, అవసరమున్నంతసేపే. మతి చెదిరి తిరుగుతున్నవాళ్లని లాకప్‌లో పెట్టకూడదని, వైద్య కేంద్రానికి తీసుకెళ్లాలని 100వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లోవాళ్లకి దిక్కు తోచకపోతే 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ సిబ్బంది తెలుగులో మాట్లాడతారు.

ఎవరినైనా ఆపక తప్పకపోతే చేతులు పట్టుకోవాలి గానీ వీపు, మెడ, ఛాతీ జోలికి పోకూడదు. లొంగగానే బోర్లా ఉంచకుండా పక్కకి తిప్పాలి, లేదా కూర్చోబెట్టాలి. ఆటోలో కాళ్ల దగ్గర బోర్లా పడేసి పైన కాళ్లు పెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్లడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఆ దారిపొడవునా అతని ముఖం ఎవరికీ కనిపించదు. పట్టుకున్నవాళ్లు కాకుండా వేరొకరు అతని ముఖాన్నే చూస్తూ, శ్వాస లెక్కపెడుతూ ఉండాలి. అరుపు ఉన్నట్టుండి ఆగితే “చల్లబడ్డాడు” అనుకోవద్దు. పిలిస్తే పలకకుండా, ఛాతీ మామూలుగా కదలకుండా ఉంటే వెల్లకిలా తిప్పి, 108కి ఫోన్ చేయిస్తూనే, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. అంబులెన్స్ వచ్చాక ఎంతసేపు బోర్లా ఉన్నాడో, పైన ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, మాట ఎప్పుడు ఆగిందో దాచకుండా చెప్పాలి. ఆ మూడు వివరాలూ చికిత్సకి పనికొస్తాయి.