పిల్లల ముందూ విప్పుదాం ఇంటి పద్దు

ఉగాది పొద్దున పంచాంగ శ్రవణానికి కూర్చుంటే ఏ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అన్నది పిల్లలూ పెద్దలూ కలిసే వింటారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వచ్చినవాణ్ణి ఇల్లంతా ఆటపట్టిస్తుంది. మర్నాడు అదే ఇంట్లో అసలు ఆదాయ వ్యయాల మాట వస్తే మాత్రం 'పిల్లల ముందు డబ్బు మాటలెందుకు' అని గొంతు తగ్గిస్తారు. పదిహేనేళ్ల పిల్లాడికి నాన్న జీతం తెలియదు, ఇంటద్దె తెలియదు, అమ్మ చీటీ ఎందుకు కడుతోందో తెలియదు. ఫోను తీసి స్కాన్ చేసి డబ్బు కట్టడం మాత్రం పెద్దవాళ్లకన్నా వాడికే బాగా వచ్చు.

"ఏరా, మొన్ననే కదా ఇచ్చాను?"

"అయిపోయాయమ్మా."

"దేనికి పెట్టావు?"

"ఏమో... అలా అయిపోయాయి."

ఈ నాలుగు మాటలు వినపడని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. పిల్లలు దుబారా అయిపోయారని మనం తీర్పు చెప్పేస్తాం. ఇంటి లెక్క ఏమిటో చెప్పకుండా చేతికి డబ్బు మాత్రం ఇచ్చింది మనమే.

ఈ ఇంటి లెక్కల ముచ్చటకు పుదుచ్చేరి పక్కనున్న అరియాంకుప్పాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. నగరం దాటి కడలూరు రోడ్డు మీద దక్షిణానికి వస్తే, ఏటి వంతెన అవతల ఉంటుంది ఈ ఊరు. రెండు వేల ఏళ్ల కిందట రోము దేశపు మద్యం జాడీలు దిగిన అరికమేడు రేవు ఇక్కడే. పక్కనే సముద్రపు ఒడ్డున వీరాంపట్టణం, చేపల వేట మీద బతికే ఊరు. నెల జీతాల వాళ్లు, వారం కూలీల వాళ్లు, ఏ పూటకాపూట చేపలమ్మి సంపాదించేవాళ్లు ఇక్కడ ఇరుగుపొరుగులు, కారణం అదే. ఎనిమిది వందల కిలోమీటర్ల పైగా దూరంలో, గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన తెలుగు యానాం కూడా ఈ పుదుచ్చేరి పాలనలోదే కాబట్టి, ఉద్యోగాల మీదా చదువుల మీదా ఇటు వచ్చే తెలుగు కుటుంబాలకూ ఈ దారి కొత్త కాదు.

బియ్యమా, డబ్బా?

ఇంటి ఖర్చుల గురించి ఈ ప్రాంతం నేర్చుకున్న పెద్ద పాఠం రేషన్ దుకాణం దగ్గర మొదలైంది. 2015 సెప్టెంబరులో కేంద్రం పుదుచ్చేరిలో చౌక బియ్యానికి బదులు ఆ మేరకు డబ్బును బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి తెచ్చింది. కాగితం మీద చక్కని ఆలోచనే. నచ్చిన బియ్యం నచ్చిన కొట్లో కొనుక్కోవచ్చు, మధ్యలో తినేవాడు ఉండడు. ఇళ్లలో మాత్రం వేరే సంగతులు తేలాయి. డబ్బు ఎప్పుడు పడిందో తెలియదు, బ్యాంకుకు వెళ్లి రావడానికి ఒక పూట పోతుంది, పడిన సొమ్ముతో బజారులో అంత బియ్యం రాదు. పైగా ఖాతాలో పడ్డ డబ్బుకు బియ్యం డబ్బు అని పేరు రాసి ఉండదుగా! మందులకో అప్పుకో కరెంటు బిల్లుకో కలిసిపోతుంది. బియ్యమే ఇవ్వాలని అప్పటి ముఖ్యమంత్రి నారాయణస్వామి, డబ్బే ఇవ్వాలని లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ పట్టుబట్టగా వివాదం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2024 అక్టోబరులో, దీపావళికి ముందు రేషన్ దుకాణాలు మళ్లీ తెరిచి బియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు.

ఈ తగవులో ఎవరిది పైచేయి అన్నది మనకు అనవసరం. చేతిలోకి వచ్చిన డబ్బుకు ముందే ఒక పని అప్పగించి ఉండకపోతే అది దేంట్లో కలిసిపోయిందో పెద్దవాళ్లకే తెలియదు, పద్నాలుగేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? మన ఇళ్లలోనూ జరిగేది ఇదే తగవు. 'ఏం కావాలో చెప్పు, కొనిస్తాం' అనే తల్లిదండ్రులు బియ్యం పక్షం. 'ఇదిగో వెయ్యి, నీ ఇష్టం' అనేవాళ్లు డబ్బు పక్షం. మొదటి ఇంటి పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చి హాస్టల్లో అడుగుపెట్టేదాకా సొంతంగా లెక్క చూసుకునే అవసరమే రాదు. రెండో ఇంట్లో పదో తారీకుకే జేబు ఖాళీ.

నా మట్టుకు నాకు డబ్బు ఇవ్వడమే సరైనదనిపిస్తుంది, కాకపోతే పని అప్పగించి ఇవ్వాలి. బస్సు చార్జీ, ఫోను రీచార్జి, పెన్నులు, పుస్తకాలు, కటింగు, స్నేహితుల పుట్టినరోజులు, సాయంత్రం బజ్జీలు... వీటికి ఇప్పటికే మనం విడివిడిగా ఇస్తున్నాం. ఒక నెల ఆ చిల్లరంతా రాసి చూడండి. వచ్చిన మొత్తమే పాకెట్ మనీ. కొత్తగా ఇచ్చేది ఏమీ లేదు, చేతులు మారుతుందంతే. పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లకు వారానికోసారి, ఇంటర్ వయసు వాళ్లకు నెలకోసారి ఇవ్వడం మేలు. ముప్పై రోజులు డబ్బు నిలబెట్టుకోవడం చిన్న పని కాదు, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా మనకే నెలాఖరు కష్టంగా గడుస్తుంది.

ముందే అయిపోతే? చేబదులు ఇవ్వండి, వచ్చే నెల పట్టుకోండి. వడ్డీ వద్దు, తిట్లూ వద్దు, పట్టుకోవడం మాత్రం మానొద్దు. మార్కులకు ముడిపెట్టడం, అంట్లు తోమితే ఇరవై అనడం నాకు ససేమిరా నచ్చదు. ఇంటి పని అందరిదీ, అమ్మకు ఎవరూ కూలి ఇవ్వడం లేదు.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. మన ఇళ్లలో కొడుకు చేతికి నోటు ఇస్తాం, కూతురికి 'నీకేం కావాలన్నా అడిగితే కొనిస్తాంగా' అంటాం. ప్రేమతోనే అంటాం. రేపు సంసారం లెక్కలన్నీ మోయాల్సింది ఆ పిల్లేనని మనకు తెలుసు, అయినా లెక్క మాత్రం చేతికివ్వం. ఇద్దరికీ ఒకే వయసులో ఒకే మొత్తం ఇవ్వాలి.

వేట లేని అరవై ఒక్క రోజులు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. వీరాంపట్టణానికైనా యానానికైనా, మన కాకినాడ, విశాఖలకైనా ఇదే నియమం. అరవై ఒక్క రోజులు పడవ ఒడ్డునే. ప్రభుత్వం ఇచ్చే భృతి ఉన్నా, రోజూ వచ్చే రాబడి ఆగిపోతుంది. ఆ రెండు నెలలు గడిచేసరికి వలల మరమ్మతు, డీజిలు, పిల్లల ఫీజులు, పుస్తకాలు అన్నీ ఒకేసారి గుమ్మం ముందు నిలబడతాయి.

అందుకే వేట ఇళ్లలో బడ్జెట్ అనే మాట వాడకపోయినా దాని అసలు సూత్రం పిల్లలకు చిన్నప్పుడే కళ్లపడుతుంది. పడవ ఒడ్డుకొచ్చి చేప అమ్ముడయ్యాక వచ్చిన సొమ్మును వెంటనే పంచుకోరు. ముందు డీజిలు డబ్బు తీస్తారు, ఐసు డబ్బు తీస్తారు, వేటకు తీసుకెళ్లిన తిండి ఖర్చు తీస్తారు. మిగిలినదాంట్లోనే పడవకూ వలకూ ఇంత, మనుషులకు ఇంత అని వాటాలు. ఒడ్డున నిలబడి చూసే పన్నెండేళ్ల పిల్లాడికి అర్థమవుతుంది, చేప ఎంతకు అమ్మారన్నది ఒకటి, ఇంటికి ఎంత వచ్చిందన్నది ఇంకొకటి అని. నెల జీతాల ఇళ్లలో పిల్లలకు కనపడనిది సరిగ్గా ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 28,000 వచ్చే ఇల్లు అనుకోండి. అద్దె 7,000. పచారీ, పాలు, కూరలు, గ్యాసు కలిపి 9,000. చీటీ, అప్పు వాయిదా 4,000. పెట్రోలు, బస్సులు 2,500. కరెంటు, ఫోన్లు 1,500. బడి ఖర్చు 2,000. మొత్తం 26,000. మిగిలేది రెండు వేలు. జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా, మిక్సీ కాలిపోయినా ఆ రెండు వేలే దిక్కు. రోజుకు 30 రూపాయల చిరుతిండి అంటే నెలకు 900. '28 వేల జీతంలో 900 ఎంత?' అనుకునే పిల్లాడికి, అది మిగులులో దాదాపు సగం అని ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

చిరుతిళ్లు చిన్న విషయమేమీ కావు. కేంద్రం 2023-24లో జరిపిన గృహ వినియోగ సర్వేలో పట్టణాల్లో మనిషి నెలసరి సగటు ఖర్చు 6,996 రూపాయలు. అందులో తిండికి దాదాపు 40 శాతం. ఆ తిండి పద్దుల్లో అన్నిటికన్నా పెద్దది బియ్యమూ పాలూ కూరలూ కాదు, పానీయాలూ చిరుతిళ్లూ వండి అమ్మే పదార్థాలూ కలిసిన పద్దు. మొత్తం ఖర్చులో 11 శాతం దానికే. కాబట్టి నిందంతా పిల్లల మీద వేయకండి, ఆ పద్దులో మన వాటా కూడా బాగానే ఉంది.

కనపడని డబ్బు

నోటు చేతిలోంచి వెళ్తుంటే ఎంతో కొంత మనసు గుంజుతుంది. ఫోను స్కాన్ చేస్తే ఆ గుంజుడు లేదు. అలాగని పిల్లలకు ఫోను చెల్లింపులే వద్దనడం కుదిరే పని కాదు. దారి ఉంది. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ పద్ధతిలో అమ్మ ఖాతా నుంచే బిడ్డ చెల్లించవచ్చు. ప్రతి చెల్లింపుకూ అమ్మ ఒప్పుకుంటేనే డబ్బు కదిలేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకు ఇంత అని హద్దు పెట్టి వదిలేయవచ్చు. ఆ హద్దు నెలకు 15,000 దాటడానికి వీల్లేదు. మన పిల్లలకు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

అంతకన్నా మంచిది సొంత ఖాతా. పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను తామే తెరిచి, తామే నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. హద్దులు బ్యాంకు పెడుతుంది, ఖాతాలో ఉన్నదానికి మించి తీయడం మాత్రం కుదరదు. పోస్టాఫీసులో పదేళ్లు దాటిన పిల్లలకు ఈ వీలు ముందునుంచే ఉంది, 500 రూపాయలతో మొదలు. పాస్‌బుక్కులో తన పేరు అచ్చయి ఉండటం ఆ వయసులో ఎంత గొప్పో మనకు తెలుసు.

భయపడాల్సింది అప్పు యాప్‌లకు. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీల కాల్‌మనీ దారుణాలు, 2020 చివర్లో హైదరాబాదులో బయటపడ్డ యాప్ రుణాల వేధింపులు మనం మరిచిపోలేదు. మైనరు చేసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదని 1903లోనే అప్పటి అత్యున్నత న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. కానీ వేధించేవాడు కోర్టుకు వెళ్లడు, పిల్లవాడి ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోన్ చేస్తాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టంతో నిషేధించింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆ పని చేశాయి. అయినా పిల్లల్ని కాపాడేది చట్టం ఒక్కటే కాదు. 'నాన్నా, నేను అయిదు వేలు పోగొట్టుకున్నాను' అని వచ్చి చెప్పగలిగే చనువు ఇంట్లో ఉండాలి. డబ్బు మాట ఎత్తితేనే కసిరే ఇంట్లో ఆ చనువు ఎక్కడినుంచి వస్తుంది?

పుస్తకం ఎవరు రాయాలి

పద్దు రాసుకునే అలవాటు ఈ నేలకు పాతదే. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేసిన పుదుచ్చేరి వర్తకుడు ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా ఓడలు, సరుకులు, ఇచ్చిపుచ్చుకోళ్లు, రాచకార్యాలు అన్నీ తమిళంలో దినచర్యగా రాసిపెట్టాడు. పాతికేళ్ల పాటు రాసిన మనిషి అలవాటు అబ్బురమే.

మనకు ఇంకా దగ్గరిది నెల్లూరు జిల్లా దూబగుంట. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు, ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా ఆగాక, మిగిలిన డబ్బు ఏం చెయ్యాలన్న ప్రశ్నకు అదే జిల్లాలో 'పొదుపు లక్ష్మి' జవాబైంది: మనిషికి రోజుకో రూపాయి. సభ్యులకు చదువు రాని సంఘాల్లో కొన్నిచోట్ల లెక్కల పుస్తకం రాసింది వాళ్ల బడి పిల్లలే. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎందుకు అప్పు తీసుకున్నారు, ఎవరు వాయిదా తప్పారు అన్నవన్నీ అక్కడ బడి పిల్ల చేతిరాతలో ఉండేవి. ఆ ఆడవాళ్లు తమ లెక్కను ఆ వయసు పిల్లలకు నమ్మి అప్పజెప్పారు. మనం మన ఒక్క ఇంటి లెక్క చూపించడానికి వెనకాడుతున్నాం.

నలభై పేజీల బడి నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. జీతం, అద్దె, పచారీ, చీటీ అన్నీ మీరు చెప్పండి, మీ అమ్మాయో అబ్బాయో రాయాలి. తన పాకెట్ మనీ కూడా అందులో ఒక వరుసే. ఒప్పుకోవడానికి కష్టమైన అప్పు ఉంటే అదీ రాయించండి. వచ్చే ఒకటో తారీకు రాత్రి, అన్నాలయ్యాక, టీవీ కట్టేసి అరగంట కూర్చోండి.