కప్పు, కుప్పు: ఏది ఒప్పు?

తేనీరు త్రాగు పాత్రను లండను నగరవాసి ‘కప్’ అనును. ఉత్తర ఇంగ్లండునందలి యార్క్‌షైరు రైతు దానినే ‘కుప్’ అనును. వ్రాత ఒకటే, అర్థము ఒకటే. అచ్చు మాత్రము వేరు. బస్సును సైతము అతడు ‘బుస్’ అనియే పిలుచును. తెలుగులో స్థిరపడిన కప్పు, బస్సు అను మాటలు దక్షిణ ఇంగ్లండు పలుకును పోలియున్నవి.

ఇందు తప్పెవరిది? పూర్వము ఇంగ్లండు అంతటను ఈ పదమున హ్రస్వ ఉకారమే వినిపించెడిది. 17వ శతాబ్దమున దక్షిణమున అది క్రమముగా అకారము వైపు జరిగినది, ఉత్తరమున జరుగలేదు. దక్షిణమున గూడ ‘పుట్’ వంటి కొన్ని మాటలలో పాత ఉకారమే నిలిచినది. ‘బట్’, ‘పుట్’ అను మాటలలో అక్షరమొకటే అయినను అచ్చులు రెండేలయని మన విద్యార్థి అడుగు ప్రశ్నకు సమాధానమిదియే. యార్క్‌షైరు బాలునకు ఆ చిక్కు లేదు. అతనికి రెంటను ఉకారమే.

స్నానమను అర్థముగల ‘బాత్’ పదమును లండనువారు దీర్ఘముగా పలుకగా, ఉత్తరదేశీయులు హ్రస్వముగా పలుకుదురు. ఇచ్చటను హ్రస్వమే ప్రాచీనము. ఇంటిని స్కాట్లండు పల్లెవాసులు ‘హౌస్’ అనక ‘హూస్’ అనుటయు పూర్వకాలపు పలుకు మిగులే.

ఇట్టి పలుకులను మోటుదనమని పాఠశాలలు చిరకాలము చిన్నచూపు చూచినవి. ఆ అభిప్రాయమును సవరించినవారిలో జోసెఫ్ రైటు ముఖ్యుడు. 1855లో యార్క్‌షైరునందు పేదయింట జన్మించి, బాల్యమున మిల్లులో పనిచేసి, పదునైదేండ్ల ప్రాయమునగాని చదువ నేర్వని ఆతడు, 1892లో తన గ్రామమైన విండ్‌హిల్ మాండలికమునకే వ్యాకరణము రచించెను. 1898 నుండి 1905 వరకు ఆరు సంపుటముల ఆంగ్ల మాండలిక నిఘంటువును వెలువరించెను. 1901లో ఆక్స్‌ఫర్డున ఆచార్యుడయ్యెను. పిమ్మట 1950–61 మధ్య లీడ్సు విశ్వవిద్యాలయమునకు చెందిన హెరాల్డు ఆర్టను నాయకత్వమున పరిశోధకులు 313 తావులకు పోయి, ముఖ్యముగా వృద్ధులైన పల్లెవాసుల పలుకుబడిని వ్రాసికొనిరి.

పరీక్షకును, దూరదేశపు వ్యవహారమునకును ఒక ప్రామాణికోచ్చారణ అవసరమే. దానిని నేర్పుట ఉపాధ్యాయుని విధి. కాని ఇంటి పలుకుతో బడికి వచ్చిన బాలుని చూచి నవ్వుట ఆ విధిలో చేరదు. ఆ నవ్వునకు గురియైన అచ్చు, నవ్వువాని అచ్చుకంటె ప్రాచీనమై యుండవచ్చును.