ముప్పై ఆరు గంటల డ్యూటీ

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ తెరిస్తే కోచింగ్ సంస్థల ప్రకటనల్లో స్టాంపు సైజు ఫొటోలు బారులు తీరి ఉంటాయి. ఊళ్లో ఫ్లెక్సీ కడతారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో "కాబోయే డాక్టరమ్మ"కు అభినందనలు వెల్లువెత్తుతాయి. సీటు కోసం పడే పాట్లు అందరికీ తెలిసినవే. లాంగ్ టర్మ్ కోచింగులు, తాకట్టు పెట్టిన పొలాలు, ఒక్క మార్కులో చేజారిన కన్వీనర్ కోటా సీట్లు, వీటి గురించి బోలెడు రాశారు. సీటు వచ్చాక జరిగేది మాత్రం డాక్టర్లున్న ఇళ్లలో తప్ప బయట పెద్దగా వినపడదు.

ముందు ఏళ్ల లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. పీజీ మూడేళ్లు. గుండె, మెదడు, కిడ్నీ లాంటివాటిలో సూపర్ స్పెషాలిటీ చేయాలంటే మరో మూడేళ్లు. ప్రవేశ పరీక్షల కోసం ఇంట్లో కూర్చున్న ఏడాదో రెండేళ్లో కలుపుకుంటే, పద్దెనిమిదేళ్లకు కాలేజీలో అడుగుపెట్టిన అమ్మాయికి చదువు ముగిసేసరికి ముప్పై దాటుతాయి. ఇంజినీరింగ్ చదివిన చిన్నాన్న కొడుకు అప్పటికి ఫ్లాటు కొని ఈఎంఐలు కడుతుంటాడు.

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. తెలుగు మీడియంలో పది చదివి వచ్చినవాళ్లకు ఆ పుస్తకాల్లో ఒక్కో పేరాకి పది కొత్త మాటలు తగులుతాయి. డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతాయి, మధ్యాహ్నం మెస్సులో ముద్ద కలుపుతుంటే వేళ్లకు అదే వాసన. నెల తిరిగేసరికి అన్నీ అలవాటవుతాయి. నిజం చెప్పాలంటే పుస్తకాల బరువు ఈ కథలో చిన్న భాగం. కష్టమేదని పాసై బయటికొచ్చిన ఏ డాక్టర్ని అడిగినా అనాటమీ ఊసెత్తరు, హౌస్ సర్జన్సీ దగ్గర మొదలుపెడతారు.

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఒక్కో విభాగం కొన్ని యూనిట్లుగా ఉంటుంది. వారంలో ఒక్కో రోజు ఒక్కో యూనిట్‌ది. ఆ రోజు ఓపీ, రాత్రికి వచ్చిపడే అత్యవసర కేసులు అన్నీ ఆ యూనిట్ ఖాతాలోకే. జనరల్ మెడిసిన్ యూనిట్ రాత్రినే తీసుకోండి. పురుగుమందు తాగిన మనిషిని ట్రాలీ మీద తెస్తారు. నోట్లో నురగ, సూది మొనల్లా కుంచించుకుపోయిన కంటిపాపలు, ఛాతీలో గురగుర. అట్రోపిన్ ఇవ్వాలి. ఇచ్చి పక్కకు పోవడానికి లేదు. కొద్ది నిమిషాలకోసారి నాడి చూసి, ఛాతీ విని, గురగుర తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. తగ్గితే చాలనుకోవడానికీ లేదు, మోతాదు ఎక్కువైతే రోగి కలవరిస్తాడు, మంచం మీంచి దూకబోతాడు. ఈ ఒక్క మంచం దగ్గరే ఒక డాక్టర్ గంటల తరబడి కట్టుబడిపోతారు. ఈలోగా పాముకాటు ఒకటి, ఆయాసంతో ఒకరు, షుగర్ పడిపోయి స్పృహ తప్పిన పెద్దాయన ఒకరు వచ్చి ఉంటారు.

వైద్యం ఒక ఎత్తు, దాని చుట్టూ ఉండే చాకిరీ ఇంకో ఎత్తు. సీబీపీ అనే రక్తపరీక్షకు ఊదా మూత సీసా, మిగతా పరీక్షలకు వేరే రంగు మూతలవి. రక్తం తియ్యడం, సీసా మీద పేరు రాయడం, ఫారం నింపడం, ల్యాబ్‌లో ఇచ్చి రావడం, బ్లడ్ బ్యాంక్ దగ్గర నిలబడటం, స్కానింగ్‌కి ట్రాలీ తోసే మనిషి దొరక్కపోతే ఓ చెయ్యి వెయ్యడం. తెల్లవారుజామున ఐదింటికి వార్డంతా తిరిగి మళ్లీ శాంపిల్స్ తియ్యాలి, ఎందుకంటే ప్రొఫెసర్ రౌండ్స్‌కి వచ్చేసరికి రిపోర్టులు కేస్ షీట్‌లో ఉండాలి. వీటిలో సగం పనులు ల్యాబ్ టెక్నీషియన్లవి, వార్డు సిబ్బందివి. ఆ పోస్టులు ఖాళీగా ఉన్నచోట హౌస్ సర్జన్లు, పీజీలే దిక్కు. శిక్షణ పేరుతో ఆసుపత్రికి దొరికిన చవక పనివాళ్లు వీళ్లు. వీళ్లకిచ్చే స్టైపెండ్ కూడా నెలనెలా రాదు. దాన్ని టంచనుగా ఇమ్మన్నది ప్రధాన డిమాండ్లలో ఒకటిగా 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు (జూడాలు) సమ్మెకు దిగారు.

రౌండ్స్ అయ్యాక హౌస్ సర్జన్ ఇంటికి పోవచ్చునేమో గానీ పీజీకి ఆ వీలుండదు. రాత్రి చేరినవాళ్ల పనులన్నీ పగలే ఉంటాయి. నిన్న పొద్దున్న మొదలైన డ్యూటీ ఇవాళ సాయంత్రానికి గానీ తెమలదు. ముప్పై ఆరు గంటలంటే ఇదే.

ఇందులో తప్పేముంది, మేమూ ఇలాగే నేర్చుకున్నాం కదా అంటారు సీనియర్లు. ఈ పద్ధతికి ఆద్యుడు విలియం హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్. 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆయన శిష్యులు రాత్రింబవళ్లు అక్కడే కాపురముండి పనిచేసేవారు. మత్తుమందుగా కొకైన్ పనికొస్తుందేమోనని తన మీదే ప్రయోగాలు చేసుకుని, ఆ గురువుగారు దానికి బానిసయ్యారన్న సంగతి మాత్రం సీనియర్లు సాధారణంగా చెప్పరు.

నిద్రలేమి మనిషిని ఏం చేస్తుందో కొలిచి చూశారు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చిందేమిటంటే, ఇరవై నాలుగు గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో దాదాపు 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకు దిగిపోతుంది. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతం. అంటే హైదరాబాద్‌లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో పట్టుబడే స్థాయికి మూడు రెట్లు. ఆ స్థితిలో బండి నడపనివ్వరు, రోగి పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ గొట్టం వెయ్యనిస్తారు. 2004లో బోస్టన్‌లోని ఒక ఐసీయూలో జరిగిన అధ్యయనంలో, సుదీర్ఘ డ్యూటీలు చేసినప్పుడు ఇంటర్న్‌లు, వాటిని తగ్గించినప్పటికంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారు. ఆ పొరపాట్లు జరిగేది రోగి ఒంటి మీద. అందుకే దీన్ని డాక్టర్ల సొంత గోడుగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

అమెరికాలో కదలిక రావడానికి ఒక చావు కావలసి వచ్చింది. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థిని ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. ఆమెను చూసిన జూనియర్ డాక్టర్ల మీదున్న పనిభారం కోర్టుల్లో, పత్రికల్లో ఏళ్లపాటు నలిగింది. 2003 నాటికి దేశమంతటా వారానికి 80 గంటల పరిమితి వచ్చింది. మనకు అంతకంటే ముందే, 1992లోనే కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ పథకం ఉంది. వారానికి 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలకు మించకూడదని అందులో రాసి ఉంది. "మామూలుగా అయితే", "పని అవసరాన్ని బట్టి" అన్న మాటలు కూడా ఉన్నాయి. మూడు దశాబ్దాలుగా ఆసుపత్రులు నడుస్తున్నది ఆ మాటల ఆసరాతోనే. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు చాలని సిఫారసు చేసింది. 48 ఉన్నచోట 74 అడగడం వెనకడుగులా కనిపిస్తుంది. వార్డుల్లో పరిస్థితి తెలిసినవాళ్లకు మాత్రం అదే గొప్ప.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో అత్యాచారానికి, హత్యకు గురైన పీజీ డాక్టర్ కూడా ముప్పై ఆరు గంటల డ్యూటీలోనే ఉంది. రాత్రి భోజనం చేసి సెమినార్ హాల్లో నడుం వాల్చింది. దేశమంతా భద్రత గురించి మాట్లాడింది. డ్యూటీలో ఉన్న ఆడపిల్లకు తలుపు గడియ పెట్టుకుని పడుకునే గది, పక్కనే ఒక బాత్రూమ్ ఎన్ని ఆసుపత్రుల్లో ఉన్నాయన్నది జూడాలు అంతకుముందునుంచీ అడుగుతున్న ప్రశ్న.

ఇంట్లో చెప్పని విషయాలూ ఉంటాయి. రాత్రి మూడింటికి, కదిలిపోతున్న రోగికి రక్తం తీస్తుంటే సూది తన వేలికే గుచ్చుకుంటుంది. అది హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తమైతే సోకే అవకాశం వెయ్యికి మూడు. టీకా వేసుకోనివాళ్లకు హెపటైటిస్-బీతో ముప్పు వందకు ముప్పై దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ సోకకుండా 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు మింగాలి. ఆ నెలంతా వికారం, ఆ తర్వాత పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూపు. ఫోన్లో అమ్మ "తిన్నావా" అంటే "తిన్నా" అని పెట్టేస్తారు.

రోగి పోయారన్న కబురు ఇంటివాళ్లకు చెప్పే పని చాలాసార్లు అక్కడున్న చిన్న డాక్టర్ మీదే పడుతుంది. ఎలా చెప్పాలో సిలబస్‌లో చేర్చింది 2019లో. అంతకుముందువాళ్లు సీనియర్ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నారు. అవతలివాళ్ల దుఃఖం కోపంగా మారితే మొదటి దెబ్బ తగిలేదీ ఆ చిన్న డాక్టర్‌కే. డాక్టర్ల మీద దాడికి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా విధించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది.

ఇంతా చేసి పట్టా చేతికొచ్చాక, పెళ్లిచూపుల్లో అడిగే మొదటి మాట "ఉత్త ఎంబీబీఎస్సేనా?" మూడేళ్ల అనుభవమున్న ఎంబీబీఎస్ కన్నా, పీజీ సీటు తెచ్చుకున్న కుర్రాడికే గిరాకీ. అందుకే చేత్తో పని నేర్చుకోవాల్సిన హౌస్ సర్జన్సీ ఏడాదంతా జేబులో ఫోన్, ఫోన్లో నీట్ పీజీ ప్రశ్నలు. కుట్లు వెయ్యడం రాకపోయినా గడుస్తుంది, ర్యాంకు రాకపోతే గడవదు. తప్పు పిల్లలదని నేననుకోను, స్పెషలిస్టుని తప్ప డాక్టర్‌గా ఒప్పుకోని మన అందరిదీ.

74 గంటలు సిఫారసు చేసిన ఆ టాస్క్‌ఫోర్స్ సర్వేలోనే ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం మంది తమకు మానసిక సమస్య నిర్ధారణ అయిందని చెప్పారు. పీజీల్లో తక్కువగా ఉందంటే వాళ్లు సుఖంగా ఉన్నారని నమ్మడం కష్టం. సైకియాట్రీ ఓపీకి వెళ్తే కేస్ షీట్ రాసేది తన బ్యాచ్‌మేటే అవుతాడు. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన ప్రొఫెసర్ చెవిన పడుతుందన్న భయం వేరే.

2023 నాటి పీజీ నిబంధనల్లో వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు ఉన్నాయి. లీవ్ లెటర్ రాసేముందు పీజీ ఒకసారి డ్యూటీ చార్ట్ చూసుకుంటుంది. ఆ రోజు తన పేరు కొట్టేస్తే దాని స్థానంలో రాయడానికి మిగిలింది కో-పీజీ పేరొక్కటే. ఆ అమ్మాయి నిన్న రాత్రే డ్యూటీ దిగి ఉంటుంది.